నల్లా వొచ్చే యాళ్లకు

రాత్రి రెండుంబావు.
బోరబండ గుట్ట మీద పంపుహౌజు.
తెర మీద అన్నీ పచ్చగనే ఉన్నయ్.
నాలుగో పంపు నడుస్తున్నది,
సంపుల మట్టం నాలుగు మీటర్ల ఇరవై,
క్లోరిన్ ఎంత పడాల్నో అంతే పడుతున్నది.

గఫార్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి
"మొగులయ్యా, దీని గొంతు మారింది" అన్నడు.
నేను తెర దిక్కే చూసిన.
ఆయన పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకపోయి
మొన బేరింగుకు, పిడి చెవికి ఆనిచ్చి
నాడి చూసే హకీము లెక్క కండ్లు మూసుకున్నడు.
"ఇది నీళ్లు తాగుత లేదు. గాలి మింగుతున్నది."

అప్పుడు చూసిన, నాలుగు ఇరవై
గంట నుంచి నాలుగు ఇరవయ్యే.
నీళ్లు గట్ల నిలవడవు.
బిందెల పోసినా కొంచెం వణుకుతయ్.

దొంగ వొస్తే కుక్కన్న మొరగాలె.
ఈ దొంగకు గేటు అక్కర పడలే,
వాచ్‌మన్ ఈరయ్య బీడీ గూడ ఆరలే.
నా కండ్ల ముందట బాణం గుర్తు
చెయ్యి లేకుండ కదిలింది.
క్లోరిన్ గడి మీద ఆగింది,
ఒక అంకె చెరిపింది, ఇంకోటి రాయబట్టింది,
నిమ్మళంగ,
సొంత ఇంట్ల బియ్యం కొలుచుకున్నట్టు.

నేను సార్‌కు ఫోన్ కలుపుతున్న.
గఫార్ భాయ్ ఎవ్వరికీ కలపలే.
నీలి వైరు పట్టి పీకిండు.
స్విచ్చు ఆటో నుంచి హ్యాండ్‌కు తిప్పి పంపు బంద్ చేసిండు.
సిలిండర్ మూతి బిగించిండు.
ఎవరు మూసిన్రో ఏ దేశంల కూసోని మూసిన్రో ఆ వాల్వు
చేత్తోని తెరవాలంటే డెబ్బై రెండు చుట్లు.
నేను నలభై తిప్పిన. ఆయన ముప్ఫై రెండు.
తర్వాత గాజు గొట్టంల మందు చుక్కలేసి
లేత పసుపు వొచ్చే దాకా
టార్చి పట్టుకొని నిలబడ్డం.

నల్లా ఇరవై నిమిషాలు లేటయింది.
అయిదింటికి ఒకామె ఫోన్ చేసింది.
"ఏమయ్యా, పండుకున్నవా?"
"అవునమ్మా, కన్ను పడ్డది" అన్న.
ఇంకేం చెప్పాలె?

నాలుగోనాడు సంయుక్త మేడం వొచ్చింది.
నా బిడ్డ కంటె చిన్నది.
బల్లల కిందికి దూరి దుమ్ముల పండుకొని
ఒక్కొక్క వైరు యాడికి పోతదో రాసుకున్నది.
మానిటర్ అంచుకు ప్లాస్టరేసి అతికిచ్చిన పాస్‌వర్డు,
ఆరేండ్ల కింద కంపెనీవాళ్లు పెట్టి మరిచిన మోడెము,
అన్నీ రాసింది.
ఆఖరికి డబ్బా వెనక నుంచి
గోరంత డాంగిల్ తీసి
"ఇదెవరిది?" అన్నది.

గఫార్ భాయ్ కిటికీ దిక్కు తిరిగిండు.
ఆయనకు ఎరికే.
వరల్డ్ కప్పు నాడు
నా పక్కన కూసోని ఆయన గూడ సిక్సర్లు లెక్కపెట్టిండు.

"నాది" అన్న.
గొంతు గాలి మింగింది.

ఆ పిల్ల తలెత్తలే.
"ఇంకేమన్న ఉంటే చెప్పున్రి.
నేను తిట్టనీకి రాలే, లెక్కపెట్టనీకి వొచ్చిన" అన్నది.
ఫోన్ చార్జింగు పెట్టే తావు చెప్పిన.
పెన్‌డ్రైవుల పాటలు చెప్పిన.
చెప్పుకుంట పోతుంటే
బరువు దిగుతున్నదో ఎక్కుతున్నదో తెల్వలే.

ఇప్పుడు ఆ రంధ్రాలకు తాళాలున్నయ్.
ఆఫీసు తీగ వేరు, పంపు తీగ వేరు.
బయటోడు రావాలంటే పగటిపూట, పేరు రాసి,
నేను పక్కనుండంగనే రావాలె.
గఫార్ భాయ్ శ్రావణంల రిటైరయిండు.
స్క్రూడ్రైవర్ మరిచిపోయిండో
ఇడిచిపెట్టిండో అడగలే.
పిడి మీద ఆయన పండ్ల గాట్లున్నయ్,
చెవికి అందనప్పుడు కొరికి వినేటోడు.

మేడం జాబితాల నూట పద్నాలుగు సామాన్లు.
సంతకం పెట్టేముందు
ఇంకొకటి రాయమన్న.
ఆమె నవ్వుతదనుకున్న. నవ్వలే, రాసింది.

నూట పదిహేను: స్క్రూడ్రైవర్, ఒకటి.
దేనికీ కలిపి లేదు.