తొమ్మిదో గడి

ప్రశ్నాపత్రంలో ఎనిమిది గడులు నేనే గీశాను:
కులం, పార్టీ, అభ్యర్థి, పథకం,
ఇంటాయన మాట, ఊరి పెద్ద మాట,
డబ్బు, కోపం.
తొమ్మిదోది మా గైడుగారు చివర్లో చేర్పించారు.
"చెప్పలేము. ఎందుకైనా మంచిది, ఉంచమ్మా."

ఎనభై తొమ్మిది నవంబరు.
పలాసలో ప్యాసింజరు దిగి
కొబ్బరికాయల లారీలో డ్రైవరు పక్కన కూచుని
ఈతమానుపాలెం చేరేసరికి
చెప్పుల నిండా ఉద్దానం ఇసక.

గొరకల అసిరమ్మ జీడిపిక్కలు కొడుతోంది.
సొన తిని నల్లబడ్డ వేళ్లు,
గీతలు అరిగిపోయిన వేళ్లు.
పొద్దున వేసిన సిరా ఎక్కడుందో
నాకు కనిపించలేదు.
ఎందుకేశావమ్మా ఆ గుర్తుకి, అన్నాను.
"ఏటి సెప్పమంతావు మేష్టరమ్మా,
నీ కాయితంలోన ఏ గడి కాళీగుంటే
అందులోన రాసీసుకో."

నవ్వి, తొమ్మిదిలో టిక్కు పెట్టాను.
విజయనగరంలో, కోట వెనక అద్దెగదిలో,
కరెంటు పోయిన రాత్రి శాతాలు కడుతూ
తొమ్మిదిని లెక్కలోంచి తీసేశాను.
అందరూ తీసేస్తారు.
తీసేస్తేనే మిగతావి వందకి సరిపోతాయి.

ఆ వందతో డాక్టరేటు.
డాక్టరేటుతో ఉద్యోగం, స్కూటరు, ఢిల్లీలో సెమినారు.
మీ ఓటరు హేతుబద్ధుడేనా, అని అడిగారక్కడ.
అరవై రెండు శాతం, అన్నాను.
భోజనం బావుంది.

ఐదేళ్లకోసారి అవే నూట ఇరవై గుమ్మాలు.

సూరాడ దానయ్య వెరావల్ నుంచి వచ్చాడు,
రెండు రాత్రులు బోగీ తలుపు దగ్గర కూచుని.
ఓటేసి ఆ సాయంత్రమే మళ్లీ రైలెక్కాలి.
టిక్కెట్టెవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు.
మరెందుకు?
"పేరు పిలుత్తారు గదమ్మా.
ఇంటిపేరుతోటి, మా అయ్య పేరుతోటి, గట్టిగా.
ఆ బోట్ల మీద నన్నేటంతారో తెలుసా?
ఏయ్ ఆంధ్రా, అంతారు."
పెన్ను ఎనిమిది గడుల మీదుగా నడిచి
ఎక్కడా ఆగలేక
తొమ్మిది దగ్గర కూలబడింది.

తర్వాత్తర్వాత నా జాబితాలో ఎర్రసిరా పెరిగింది.
పోయారు. పోయారు. విశాఖ ఆసుపత్రిలో ఉన్నారు. పోయారు.
కిడ్నీలు, అన్నారు. నీళ్లు, అన్నారు.
నా ప్రశ్నాపత్రంలో నీళ్ల మీద
ఒక్క ప్రశ్న లేదు.

రెండువేల తొమ్మిదిలో అసిరమ్మ అడిగింది:
"మరి నువ్వెవులికేసినావు?"
నేనెప్పుడూ వెయ్యలేదు.
ఓట్ల రోజు మీ ఊళ్లో ఉంటాను కదా.
నా ఓటు విజయనగరంలో ఉంటుంది.
కొట్టే కర్ర పక్కన పెట్టి
అన్నం తినని పిల్లని చూసినట్టు చూసింది.
"ఓలమ్మ," అంది. అంతే.
మళ్లీ పిక్కలు కొట్టుకుంది.
తర్వాతిసారి వెళ్లేసరికి
ఆమె పేరు మీద గీత గీయాల్సి వచ్చింది.
స్కేలు పెట్టకుండా గీశాను, వంకరగా పోయింది.

రిటైరయ్యాక, మొన్న మే నెలలో
మా వీధి బడిలో, ఎండలో, వరసలో నిలబడ్డాను.
కుర్రాడొకడు చీటీ చూసి గట్టిగా చదివాడు:
"నాలుగు వందల పదమూడు. ఇప్పిలి హైమవతి.
తండ్రి సూర్యనారాయణ."
ముప్పై ఏళ్ల కిందట పోయిన మా నాన్న పేరు
ఆ గదిలో ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగింది.
దానయ్యా, విన్నానయ్యా.

గేటు దాటి చాలా దూరం వచ్చాక, సోడాబండి నీడలో
ట్యాబు పట్టుకున్న పిల్ల ఆపింది.
"ఒక్క నిమిషం మేడం. ఎందుకు వేశారు?"
తెర మీద చూశాను. కులం, పార్టీ, పథకం...
వేరే అక్షరాల్లో నా గడులే.
కిందికి జరిపి చూశాను.
ఎనిమిదితో అయిపోయింది.

"ఏదో ఒకటి నొక్కకపోతే
తర్వాతి పేజీ రాదు మేడం," అంది,
చెమట తుడుచుకుంటూ.
పాపం, ఇంకా ఎన్ని ఇళ్లు తిరగాలో.

తడి సిరా వేలు తెరకి తగలకుండా పైకెత్తి పట్టుకుని
నేనూ,
తర్వాతి పేజీ కోసం ఆ పిల్లా.