లోపటి గొళ్లెం

కాజీపేట దిక్కు తుక్కు యార్డుల
తుప్పువట్టుకుంట పడున్న డబ్బా ఇది.
ఇరవై అడుగుల పొడుగు, ఎనిమిది వెడల్పు,
కుడి పక్క ఒక సొట్ట,
ఏ రేవుల ఏ క్రేను గుద్దిందో.
ఎనుమాముల మార్కెట్ ఎనుక యాకమ్మ నలభై గజాల జాగల
నాలుగు గ్రానైటు తుకడల మీద దించినం.
డబ్బా ధర కంటె ట్రైలర్ కిరాయికే
ఆమె పానం ఎక్కువ గుంజింది.

గ్యాసు కట్టరు ముట్టిచ్చి అడిగిన:
"కిడికి ఏ దిక్కు కొయ్యాలె అవ్వా?"
"కిడికి తర్వాత కొడుకా.
ముందుగాల లోపటి దిక్కు గొళ్లెం పెట్టు."

పందొమ్మిదేండ్ల సంది ఇనుము అతుకుతున్న నాకు
గప్పటిదాకా కండ్లవడలే.
కడ్డీలు నాలుగు, పిడులు నాలుగు,
సీలు వేసే బెజ్జం,
అన్నీ బయటనే.
లోపటికి పోయి తలుపు గుంజుకుందామంటె
పట్టుకోను ఏలెడు ఇనుము లేదు.
నిజమే, సరుకుకు గొళ్లెమెందుకు?

కిరాయిండ్లు పదకొండు మారింది యాకమ్మ.
ఒకదాంట్ల తలుపుకు బదులు పాత చీర.
ఇంకోదాంట్ల తలుపు మంచిదే,
ఓనరు తాళమేసుకుని పోయిండు.
గిన్నెలు లోపట, ఆమె వాకిట్ల,
పొయ్యి మీద సగం ఉడికిన పప్పు.
ఇప్పటికీ ఆ పప్పు సంగతే చెప్తది,
తాళం సంగతి చెప్పది.

కిడికి కోసినంక మిగిలిన రేకు
దర్వాజ మీద చూరయింది.
మార్కెట్ల ఏరుకొచ్చిన మిర్చి బస్తాలు
సున్నంల ముంచి గోడలకు రెండు పొరలు,
పైన వరిగడ్డి, మట్టి, ఆనిగెపు తీగె.
మొదటి రాత్రి ఇల్లంత తుమ్ములే.
పదేండ్లు ముచ్చికలు తీసిన యాకమ్మ తుమ్మలే.
నేను, హెల్పర్ పోరడు ఖాజా,
గోడ మీది బల్లి సుత తుమ్మిందని ఖాజా ఒట్టు.

ఎండ పురాగ ఓడిపోయిందని అబద్ధమాడ.
మే నెల రెండింటికి అది ఇంకా ఇనుమే.
అయితె చెయ్యి పెడితె కాలదు,
పెట్టి ఉంచొచ్చు.

ఇవన్ని తర్వాతి సంగతులు.
గొళ్లెం అతికిన దినం మాపటికి
కిడికి ఇంకా కొయ్యలే, లోపట చిమ్మచీకటి.
సామాను బండికెత్తుతుంటె
ఎనుకనించి ఇనుము మీద ఇనుము: టక్.
తీసిన సప్పుడు.
మళ్ల టక్.
"గట్టిగున్నది కొడుకా, జెర గ్రీసు రాస్తవా?"
రేకు అవుతలినించి అడిగింది.

రాయనన్న.
కొన్నాళ్లు గట్టిగనే ఉండనియ్యి.