నీడకి ఎడమ చెవి

సోన్-కుల్ సరస్సు పక్కన మా ఉన్ని గుడారం.
జూలైలో కూడా తెల్లారేసరికి బకెట్ నీళ్ళ మీద
సన్నటి మంచు పలక.
దాన్ని ముందు ఎవరు పగలగొట్టాలా అని
రోజూ ముగ్గురం తన్నుకునేవాళ్ళం.

ఆ రోజు తన్నులాటలో
అక్క అయ్‌జిరెక్ కాలు నా నీడ మీద పడింది.
నీడ చిరిగింది.
ఒట్టు! పాత దుప్పటిలా పర్రుమంది.
అక్క వంగి ఆ ముక్కని ఎత్తి, దులిపి,
మడిచి జేబులో పెట్టుకుంది.
"నానమ్మకి చెప్పావో..." అంది.
చెప్పలేదు.
నా నీడకి ఎడమ చెవి లేదు, అంతే.

అన్న తెమిర్‌కుల్‌ది ఇంకో రకం.
రాయికి చెవి ఆనిస్తే చాలు,
అక్కడ ఎప్పుడో మోగినవన్నీ వినిపిస్తాయి.
నిన్నటి కుక్క మొరుగు, పోయినేడు పడ్డ పిడుగు,
తాతయ్య దగ్గు,
ఇంకా లోతుకి పోతే
ఒంటెల గంటలు, ఎవరిదో పసిపాప ఏడుపు.
రాయి ఊరికే ఇవ్వదు.
చప్పుడుకి బదులు ఒక మాట ఉంచుకుంటుంది.
మొదట "చెంచా" పోయింది.
సూపు ముందు కూర్చుని "అది, అది" అంటుంటే
నానమ్మ వాడి నుదురు తడిమి చూసింది.

నాకా? నాకేం రాలేదు.
కనబడ్డ ప్రతి రాయికీ చెవి ఆనించాను, చీమ కుట్టింది.
నీడల్ని పట్టి లాగాను, గోళ్ళలో మట్టి చేరింది.
రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.
కురుత్ ఉండలు మాత్రం తిన్నాను.
అలక వేరు, ఆకలి వేరు.

మూడోనాటి సాయంత్రం పొగమంచు దిగింది,
పాలు పొంగినట్టు, ఒక్కసారిగా.
గుర్రాలన్నీ వచ్చాయి. కాష్కా రాలేదు.
నుదుట తెల్ల మచ్చ, పుట్టి ఇరవై రోజులు,
మెడలో నేను కట్టిన ఇత్తడి మువ్వ.
నాన్న కొండకి అవతల. నానమ్మకి మోకాళ్ళ నొప్పులు.
తోడేళ్ళకి మాత్రం ఏ నొప్పులూ లేవు.

పరుగెత్తాం.
అన్న ఒక బండని కౌగిలించుకున్నాడు.
"మువ్వ! ఇటే పోయింది!"
ఇంకో బండ. ఇంకో బండ.
"ఇప్పుడు ఆ... ఆ... దాటాలి."
"వాగు," అన్నాను.
"నీ... తడిసిపోయాయి."
"బూట్లు."
పోయిన మాటల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ
వాడి వెనకే ఉరికాను.
ఒక చేతి వేళ్ళు చాలలేదు.

వాగు మలుపులో, బురదలో, పొట్టదాకా కాష్కా.
అవతలి గట్టున రెండు జతల పసుపు కళ్ళు.
అక్క చేతులు చాచి గాలిని తడిమింది.
పొగమంచులో నీడలెక్కడివి?
"అక్కా, నా చెవి!" అని అరిచాను.

జేబులోంచి తీసి విప్పింది.
విప్పేకొద్దీ మడతలు.
అరచేయంత, గుర్రమంత, గుడారమంత,
చివరికి వాగుకి అడ్డంగా
ఓ నల్లటి మహా చెవి లేచి నిలబడింది.
చెవే ఇంతుంటే నోరెంతుంటుందో అనుకున్నాయేమో,
తోడేళ్ళు వెనక్కి, వెనక్కి, వెనక్కి నడిచి
మంచులో కలిసిపోయాయి.

కాష్కాని లాగి గట్టెక్కించాక
అన్న నవ్వుతూ అక్క వైపు తిరిగాడు.
నోరు తెరిచాడు.
నవ్వు అలాగే ఉంది, మాట రాలేదు.
అక్క మొహం చూడలేకపోయాను.
"అక్క," అన్నాను వాడితో, మెల్లగా. "అయ్‌జిరెక్ అక్క."
"అక్క," అన్నాడు,
కొత్త బూటు తొడుక్కుని చూసుకున్నట్టు.

ఇంటికొచ్చాక నానమ్మ ఏమీ అడగలేదు.
తలా ఓ గిన్నె కుమిస్ పోసింది.
దీపం వెలుగులో గోడ మీద నా నీడని
చూసి, చూసి,
నా అసలు చెవిని పట్టుకుని మెలిపెట్టింది.

చేతులు కొంకర్లు పోయి
ఆ నీడ ముక్కని మడవలేక అక్కడే వదిలేశాం.
ఇప్పటికీ ఆ మలుపులో గుర్రాలు నీళ్ళు తాగవు.
అన్నకి పోయిన మాటలన్నీ ఒక్కొక్కటే నేర్పాను.
"రేపు" ఒక్కటే నిలవదు.
ఎన్నిసార్లు చెప్పినా
"పడుకుని లేచాక" అంటాడు.