గిన్నె ఏడు

రోస్కోఫ్‌లో సముద్రం వెనక్కి పోయి
పడవలు బురదలో పక్కకి ఒరిగిన వేళ
మైక్రోస్కోపు దగ్గర నేనొక్కదాన్నే.
సీ అర్చిన్ గుడ్లు. నీటి వేడి పద్దెనిమిది.
గంట దాటాక ఒక సన్నని నొక్కు,
పిండిముద్ద నడుముకి దారం బిగించినట్టు.

లోపల అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది.
ఉన్న రాతనంతా అక్షరం పోకుండా రెండోసారి రాసుకుని,
కండె పోగులు చెరోవైపూ లాగి,
ఇది నీకు, ఇది నాకు.
ఎవరి వాటా తగ్గదు.
మా బడిలో సిస్టరమ్మ చెప్పని లెక్క:
భాగిస్తే పెరగడం.

మా ఇంటి భాగాలు వేరు.
నాన్న పోయాక గుల్వెన్‌కి పడవ,
రివాల్‌కి వలలు,
అజెనోర్‌కి, అంటే నాకు, లంగరు తాడు.
పడవ దక్కినవాడు ఒడ్డున నిలవడం మానేశాడు.
వలలు దక్కినవాడికి ఎందులో చూసినా చిల్లులే.
నాకు ముడులు వచ్చాయి.
ఒకే కుండలో జావ తాగినవాళ్ళం.

మొన్న మంగళవారం నిద్రమత్తులో సీసా మారింది.
పొర ఒలిచిన గుడ్ల మీద, గిన్నె ఏడులో,
కాల్షియం లేని నీళ్ళు పోశాను.
నాలుగు కణాలూ పట్టు వదిలేసి
ఎటువాళ్ళు అటు.
గబగబా అసలు నీళ్ళు మార్చి
ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ చూద్దును కదా,
పావు ముక్కలు కావు.
నాలుగు నిండు పిల్లలు,
కాస్త పొట్టివి, అంతే.
నోరుంది, పొట్టుంది,
గాజుపుల్లల్లాంటి ఎముకలున్నాయి,
ఈదుతున్నాయి!

"అదృష్టం, తొందరగా తప్పు చేశావు" అంది నోల్వెన్.
"ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే
ఎముక అల్లేది ఎముకే అల్లేది,
పొట్టయ్యేది పొట్టే అయ్యేది.
రాతంతా దగ్గరే ఉంటుంది అజెనోర్,
చదవడం మానేస్తాయి."

నా చిటికెన వేలు చూసుకున్నాను.
పందొమ్మిదో ఏట, వించిలో నలిగింది.
చర్మం పరుగున వచ్చి మూసింది.
గోరెలా చెయ్యాలో మాత్రం
అక్కడున్న ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంకో మాట అడగాలనుకున్నాను,
అరవై మూడేళ్ళ ఆడదాంట్లో
పడవ నడపడం ఎక్కడైనా రాసి ఉంటుందా అని.
కోటు విప్పి ఇంటికెళ్ళిపోయింది.

కిటికీ కింద పోటు మొదలైంది.
ఒరిగిన పడవలు ఒక్కొక్కటే
నడుం సరిచేసుకుంటున్నాయి.
చివర ఉన్నది గుల్వెన్‌ది, దీపం లేదు.

లాగు పుస్తకంలో రాశాను:
తెల్లవారుజాము నాలుగూ పది.
గిన్నె ఏడు. నలుగురు.
తప్పు నాది.