నల్లా కాడ వరుస

లడాయి నాడు కట్టిండ్రంట ఓరుగల్లుల ఆ లైన్లు.
మిల్లుల రాత్రీ పగలూ ఖాకీ గుడ్డ దిగాలె,
నేసేటోళ్లకు నెత్తిమీద రేకు కావాలె.
డెబ్బై రెండు ఖోలీలు, ఒక్క నల్లా.
లడాయి ఒడువంగనే ఇప్పేస్తమన్నరు,
ఇప్పుడు మరిచిండ్రు.
యాభై ఏండ్లకు యాదికొచ్చి
రెండు దినాల్ల కూలగొట్టిండ్రు.

ఇయ్యాల అక్కడ వెంచర్.
సున్నపు గీతలు, ఎర్రజెండాలు,
గొడుగు కింద ఫోన్ల మాట్లాడే పిలగాడు.

నోటుబుక్కు పట్టుకొని అమ్మ ముందట కూసున్న.
ఎవరెవరుండేటోళ్లే అంటే
కులం చెప్పదు, ఊరు చెప్పదు,
బిందెల వరుస చెప్తది.

"ముందుగాల సొట్టబోయిన ఇత్తడి బిందె,
మాసిలామణి జాబరు పెండ్లాంది.
అరవ మాట మాకు తెల్వది గని తిట్లు తెలిసేటియి.
దానెనుక మా కుండ.
మూడు, ఖమరున్నిసా కాల బొక్కెన.
ఆమె గడప దాటదు, బిడ్డ మున్నీ తెస్తది, నా జోడీ.
నాలుగు గంగూబాయిది, షోలాపురోళ్లు.
సైరన్ కూస్తే కొంగుముడి ఇప్పి
పిల్లలందరికి బెల్లం పెట్టేది.
ఇమానం ఎన్నడు రాలే. బెల్లం వచ్చింది."

కిటికీలకు నల్లకాగితం అంటించిన రాత్రుల్ల
ఎవరింట్ల ఏం కూరో వాసనే చెప్పేదంట:
ఎండుచాప, ఎల్లిగడ్డ కారం,
డోరీన్ దొరసాని కాల్చే రొట్టె.
మొగడు కాజీపేటల ఇంజన్ నడిపేటోడు,
రైలు క్వార్టర్లిడిసి ఆమె ఈ రేకుల కింద ఎందుకున్నదో
అమ్మకు ఇప్పటికీ తెల్వదు.

"ఎనిమిది, సోమ్లీ. అద్దాల రైక.
పది..."

తొమ్మిదేదమ్మా?

"పది, రాజపోషం. కండెలు సుట్టేటోడు."

మూడు దినాలడిగిన. మూడు తీర్ల దాటేసింది.

మున్నీని ఎతుక్కుంట కరీమాబాద్ పోయిన.
చెవులకు మిషను, ఒళ్లో మనవని మనవడు.
నల్లా వరుస అనంగనే మొఖం తెల్లవడ్డది,
ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట పోయింది.
"ఎనిమిది ఎనుక పదే గద బేటా" అని
పాన్‌దాన్ మూతేసింది.

ఓ రాత్రి కరెంటు పోయింది.
చీకట్ల అమ్మ గొంతు, అడగకుండనే:

"రేకు డబ్బా. గాసునూనెది.
చెవులకు తాడు కట్టుకునేటోళ్లు.
పోలీస్ యాక్షన్ అయిన ఏడు,
తెల్లారి చూస్తే తలుపు బార్లా ఉన్నది,
పొయ్యి మీద గంజి సల్లారున్నది.
ఎటు పోయిండ్రని ఎవరూ అడగలే.
ఎవరు కొంటవోయిండ్రని అసలే అడగలే.
డబ్బా మాత్రం వరుసల్నే ఉన్నది.
సోమ్లీ ఇంత ముందుకు జరిపింది.
నేను జరిపిన.
వంతు రాంగనే గంగూబాయి నింపింది.
నిండినంక ఎత్తుకపోయేటోళ్లేరి?
మర్నాడు పారబోసి మళ్ల పెట్టినం.
మూడు దినాలు గట్లనే.
నాలుగోనాడు ఎవరు తీసిండ్రో..."

పేర్లేందమ్మా?
గోడ దిక్కు మళ్లింది.

పొద్దున రాసింది సదివి వినిపిస్తున్న.
ఏడు. ఎనిమిది, సోమ్లీ, అద్దాల రైక.
తొమ్మిది, రేకు డబ్బా, తాడు.

అమ్మ ఏమనలే.
దుప్పటి కింద ఆమె కాలు
జరంత కదిలింది,
బరువుదేన్నో తొణకకుండ
ముందుకు నూకినట్టు.