నాలుగు చుక్కలు

తార్తూలో జనవరి. మూడున్నరకే చీకటి.
నేలమాళిగ గదిలో ఫెయొఫాన్ గారు
చెక్క ఊతం మీద గడ్డం ఆనించారు.
చేతుల నిండా ఉల్లిపాయల వాసన.
ఎండాకాలం వార్న్యాలో ఉల్లి మళ్ళు,
చలికాలం పెయిప్సి సరస్సు మంచు మీద చేపల వేట.
డెబ్బై ఒక్కేళ్ళకీ ఆ రెండే.

తెర మీద ఎనిమిది ఉంగరాలు మెరుస్తాయి.
ఒక్కదాని చుట్టూ నాలుగు చుక్కలు.
ఆ ఉంగరం ఎటు తెగిందో చెప్పాలి, కుడికా, ఎడమకా.
ఉంగరాలన్నీ ఒక్కసారే పోతాయి.
చుక్కలు మాత్రం ఇంకాసేపుంటాయి,
భోజనాలయ్యాకా లేవని చుట్టాల్లా.
ఆ కాసేపే చాలు.
నడుమ ఉన్నది చెరిగిపోదు,
అసలు లేనే లేనట్టుంటుంది.

"ఏమీ లేదు కైసా అక్కడ.
బొమ్మ పెట్టడం మరిచిపోయావు."

పెట్టాను. కంటి వెనక నరం దాకా వెళ్ళింది కూడా.
ధ్యాస ఇంకా దారిలో ఉంది.
అది వచ్చేసరికి గుమ్మంలో చుక్కలే మిగిలాయి,
వాటినే ఇల్లనుకుంది.

తర్వాతి వంతులో ముందుగా ఒక గీత చూపించాను,
రాబోయే చోటు చెప్పే సన్నటి గీత.
అంతే. ఉంగరం. ఎడమకి తెగింది.
"ఇప్పుడు పెట్టావు" అన్నారు, నన్ను క్షమించినట్టు.
అదే ఉంగరం. అదే వెలుగు. అవే చుక్కలు.

ఐదువందల అరవయ్యో సారికి ఆగమన్నారు.
దీపం వేశాను. తన చేతులు చూసుకుంటూ,

"మంచులో కన్నం తవ్వితే
చుట్టూ నాలుగు దేవదారు మండలు పాతుతాం, ఎవరూ పడకుండా.
ఆ ఏడాది పీమెన్ నాకు ఎదురుగానే కూర్చున్నాడు.
నా కళ్ళు అటే ఉన్నాయి. ఒట్టు.
ధ్యాస మాత్రం గాలం మీద, బెండు మునుగుతోంది.
చేప పడింది. పెద్దదే.
తలెత్తితే నాలుగు మండలు నిలబడి ఉన్నాయి.

చూడలేదన్నాను.
కళ్ళు అటే ఉన్నాయిగా అన్నారు ఊళ్ళో,
పీమెన్ భార్య కూడా."

నా దగ్గర అంకెలున్నాయి.
ఎన్ని మిల్లీసెకన్లకి ఏది దేన్ని కప్పేస్తుందో పట్టీ ఉంది.
మంచుకీ మండలకీ పట్టీ లేదు.
ఆ మాటే చెప్పబోయాను,
అప్పటికే గడ్డం ఊతం మీద పెట్టేశారు.

"గీత ఉన్నవే పెట్టు" అన్నారు,
"ముందుగా ఎవరో వేలు పెట్టి చూపించేవి."