గైమా పన్ను

ఓడలో నా పని పళ్ళు పీకడం కాదు,
పీకినవి బకెట్లో వేసి మూత పెట్టడం.
పట్టకార్లు కడిగి ఆవిరిపెట్టెలో ఉడికించడం.
పొద్దుగూకాక ఇంజను గది పక్క బట్టీలో
పసుపు సంచి పడేసి పుస్తకంలో సంతకం చేయడం.
టిమారు చేపల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
తలలూ తోకలూ వేరుచేసిన చేతులివి.
ఇక్కడ జీతం లేదు. పైగా
పడుకునే బల్లకి వారం వారం నేనే డబ్బు కడతాను.
మా చెల్లెలు నవ్వింది:
"దేవుడు అద్దె కూడా వసూలు చేస్తాడా?"

కికోరి నది సముద్రంలో కలిసేచోట
నీళ్ళు కాచిన టీ రంగు.
నేల ఎక్కడ అయిపోతుందో మడచెట్లకే తెలియదు.
తెల్లారేసరికి ఓడ చుట్టూ దోనెలు,
వాటిలో పిల్లలు, ఒక పందిపిల్ల,
నిన్నటి జ్వరం, పదకొండేళ్ళ పంటినొప్పి.

గైమా రెండు పగళ్ళు తెడ్డు వేసుకుంటూ వచ్చాడు.
దవడ ఒకవైపు పచ్చి బొప్పాయి.
వైనికోలో డాక్టరు టోంగా మనిషి, భుజాలు దూలాలు,
వేళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కించేవి.
ముందు ప్రార్థన, తర్వాత మత్తుసూది.
వక్కా సున్నం నలభై ఏళ్ళు ఎర్రబరిచిన దంతం
మూడు వేర్లతో సహా వచ్చి
పళ్ళెంలో టంగుమంది.
అతను లేచాడు. నెత్తురు మింగాడు. చెయ్యి చాపాడు.
"టిట్ బిలోంగ్ మి."
నా పన్ను నాకియ్యి.

ఇవ్వకూడదు. గోడ మీద నిబంధన అంటించి ఉంది.
వాదించలేదతను.
దిగి దోనెలో కూర్చున్నాడు, నిచ్చెన తాడు పట్టుకుని.
మధ్యాహ్నం వాన కురిసింది. అలాగే ఉన్నాడు.
దుబాసీ పిల్ల ఒబియా నా మొహం చూడకుండా చెప్పింది:
"మన ఒంటిది పరాయి చేతిలో పడితే
ఆ చేతికి మనం లోకువని మా తాతల మాట.
తప్పని మీవాళ్ళు చెప్పారు, అతనికి బాప్తిస్మమూ అయింది.
అయినా పన్ను పన్నే కదా."

నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది.
నా మొదటి పాలపన్ను మా అమ్మ
అగ్గిపెట్టెలో, దూది మధ్య దాచింది.
ఆమె పోయాక సొరుగులో దొరికింది.
దాన్ని నేనేం చేశానో
ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాదు.

సాయంత్రం సంచి విప్పాను.
నలభై ఏడు పళ్ళు.
చేపల్లో చెడినదాన్ని ఏరినట్టు
ఒక్కొక్కటీ దీపం కింద తిప్పి చూశాను.
మూడు వేర్లు, ఒకటి వంకర. అదే.
ఉడికించాను. గుడ్డలో చుట్టాను.
పుస్తకంలో మాత్రం నలభై ఏడూ కాల్చామని రాశాను.
ఆదివారం ఒప్పుకుందామనుకున్నాను.
రెండు ఆదివారాలు గడిచాయి.

నిచ్చెన చివరి మెట్టు దాకా దిగితే
అతను మూట విప్పి, నాలుకతో ఖాళీని తడుముకుని,
రెండూ సరిపోల్చుకున్నట్టు తలాడించాడు.
ఇంకేం అనలేదు.
ఆకులో చుట్టిన సగ్గుముద్ద నా చేతిలో పెట్టి
తెడ్డు అందుకున్నాడు.
దోనె కనబడకుండా పోయాక కూడా
మడచెట్ల అవతలి నుంచి తెడ్డు చప్పుడు.

ముద్దకి పొగ వాసన. జిగురు, గట్టి.
రెండోసారి కొరికితే
నా ఎడమ దవడ లోపల జివ్వుమంది.
రేపు నేనూ ఆ కుర్చీలో కూర్చోవాలి కాబోలు.
బకెట్టు ఎవరు పట్టుకుంటారో.